కుండల మీది వీరులు, మా అమ్మాయి తెలుగు

నా చూపు పోతోందని నాకు మొట్టమొదట తెలిసింది డాక్టరు దగ్గర కాదు, ఒక గ్రీకు కుండ ముందు.

అప్పటికి ఆ కుండను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. షికాగోలో, మ్యూజియం కింది అంతస్తులో, గాజు పెట్టెలో ఉండేది. రెండు పిడులు, ఉబ్బిన పొట్ట, ఎర్రమట్టి రంగు మీద నల్లటి బొమ్మలు. అకిలీస్ అనే వీరుడు డాలు పట్టుకుని నిలబడి ఉంటాడు. అతని చేతిలోని బల్లెం కుండ మెడ దగ్గర మొదలై అతని పాదాల దాకా ఒక్క గీతలో దిగుతుంది. రెండున్నర వేల ఏళ్ళ కిందట ఎవరో ఊపిరి బిగబట్టి గీసి ఉంటారు. ఆ మధ్యాహ్నం ఆ గీత నడుమ దగ్గర వంగి కనబడింది.

గాజులో వంకరేమో అనుకుని పక్కకు జరిగాను. వంపు నాతోపాటే జరిగింది. ఎడమ కన్ను మూసి చూస్తే బల్లెం నిటారుగా ఉంది. కుడి కన్ను మూసి చూస్తే వంగింది. వైద్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి దాని అర్థం నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. కాసేపు బెంచీ మీద కూర్చున్నాను. మళ్ళీ లేచి ఇంకోసారి చూశాను. ఆ తర్వాత స్టేషనుకు నడిచి, నేపర్‌విల్ రైలెక్కి ఇంటికి వచ్చాను.

నేను రేడియాలజిస్టుని. చీకటి గదిలో కూర్చుని ఇతరుల ఎముకల, ఊపిరితిత్తుల నీడలు చదవడమే నా వృత్తి. కంటితో బతికినవాణ్ణి. ఆ రాత్రి భోజనాల దగ్గర నా భార్యకు చెప్పాను. ఆమె చాలాకాలం ఫార్మసిస్టుగా పనిచేసింది. ఏమీ కంగారుపడలేదు. అన్నం కలుపుతూనే, మర్నాడు ఉదయమే కంటి డాక్టరుకు ఫోన్ చేస్తానంది. తర్వాత కొంచెం ఆగి, ఆ కుండల గొడవ ఇన్నాళ్ళకు ఒక మంచి పని చేసిందని అంది.

ఆమె వాటిని ‘మీ పగిలిన కుండలు’ అనేది. నిజమే, వాటిలో చాలావరకు పగిలినవే, ముక్కలు ఏరి అతికించినవే. వాటితో నా పరిచయం పెళ్ళికి ముందుది. ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో, ఆసుపత్రిలో శిక్షణ చేస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం వెచ్చగా ఉంటుందని మాత్రమే ఆ మ్యూజియంలోకి వెళ్ళాను. బూట్లలో మంచు కరిగి మేజోళ్ళు తడిసిపోయాయి. నడుస్తూ నడుస్తూ ఆ కుండల గదిలోకి వచ్చాను.

ఒక కుండ మీద హెరాక్లీస్ అనే బలశాలి ఉన్నాడు. అడవిపందిని ప్రాణాలతో పట్టి తెమ్మని రాజు ఆజ్ఞ. ఇతను నిజంగానే పట్టుకుని, భుజాన వేసుకుని తెచ్చాడు. దాన్ని చూసిన రాజు గుండె జారి, నేలలో పాతిన పెద్ద బానలోకి దూరిపోయాడు. బానలోంచి అతని తల, రెండు చేతులూ మాత్రం పైకి వచ్చాయి, వద్దు బాబూ వద్దన్నట్టు. పెద్ద పెద్ద ఆజ్ఞలు వేసి, తీరా పని జరిగాక దాక్కునేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారన్నమాట అనుకున్నాను. నాకు పైకే నవ్వు వచ్చేసింది. ఈ దేశంలో అడుగుపెట్టాక నేను నవ్వడం అదే మొదలు. ఆ గదిలో ఉన్న ఒకరిద్దరు నా వైపు తిరిగి చూశారు.

అప్పటినుంచి వెళ్తూనే ఉన్నాను. పుస్తకాలు చదివి కథలు తెలుసుకున్నాను. ఎవరి చేతిలో గద ఉంటుందో, సింహం తోలు కప్పుకున్నది ఎవరో, పేరు రాయకపోయినా గుర్తుపట్టడం నేర్చుకున్నాను. పనిలో ఒక్కోరోజు చెడ్డ వార్త రాయవలసి వచ్చేది. చిన్నపిల్లల ఎక్స్‌రేల మీద రాయడం మరీ కష్టం. అలాంటి రోజున తిన్నగా ఇంటికి రాకుండా ఆ గదికి వెళ్ళేవాణ్ణి. అక్కడ నల్లటి మనుషుల మీద సూదితో గీసిన సన్నటి గీతలు, మోకాలిచిప్పలు, పిక్కల కండలు. ఎవరికీ ఏ జబ్బూ ఉండేది కాదు.

మాకు ఒక్కతే అమ్మాయి. చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు తీసుకువెళ్ళాను. వీళ్ళందరూ పక్కకే చూస్తారేం, మన వైపు చూడరేం అని అడిగింది. అప్పటి చిత్రకారులకు ముఖం పక్కనుంచి గీయడమే అలవాటని, ఎదురుగా చూసే ముఖాలు చాలా అరుదని చెప్పాను. ఆమెకు అంతటితో విసుగొచ్చింది. స్కూల్లో తరగతులు పెరిగేకొద్దీ మా ఇంట్లో తెలుగు తగ్గింది. మేము తెలుగులో అడిగితే ఆమె ఇంగ్లిష్‌లో జవాబు చెప్పేది. తర్వాత తర్వాత మేమే ఇంగ్లిష్‌లో అడగడం మొదలుపెట్టాం. చదువు అయ్యాక వర్జీనియాలో ఆష్‌బర్న్‌లో స్థిరపడింది. డేటా సెంటర్లలో యంత్రాలు వేడెక్కకుండా చల్లదనం చూసే ఇంజనీరు. వారానికోసారి ఫోన్ చేస్తుంది. వాతావరణం ఎలా ఉంది, మందులు వేసుకుంటున్నావా, ఆఫీస్‌లో పని ఎలా ఉంది. ప్రేమ లేక కాదు. మాటలే ఆ దారిన పడిపోయాయి.

కంట్లో ఇంజెక్షన్లు చాలా ఏళ్ళు వేయించుకున్నాను. కొంతకాలం నిలబెట్టాయి. తర్వాత రెండో కంటికి కూడా పట్టింది. ముందు ఉద్యోగం మానేశాను, తర్వాత కారు, ఆ తర్వాత పుస్తకాలు. ఇది పూర్తి చీకటి కాదు. అందరూ అలాగే అనుకుంటారు. చూపు అంచుల్లో అన్నీ ఉంటాయి. దేన్ని సూటిగా చూస్తే అదే మాయమవుతుంది. మనిషి ఎదురుగా కూర్చుంటే భుజాలు కనబడతాయి, చేతులు కనబడతాయి, ముఖం ఉండవలసిన చోట తడి సున్నం లాంటి మచ్చ ఉంటుంది. కళ్ళు పక్కకు తిప్పితే ఒక చెవి, కాస్త జుట్టు అంచున మెరిసి పోతాయి. నా భార్య ముఖం నాకు కంఠతా వచ్చు. మా అమ్మాయి ముఖం మాత్రం ఏడాదికోసారి చూసేది. నేను ఆఖరుసారి స్పష్టంగా చూసినప్పుడు ఆమె వంటింట్లో నిలబడి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది. అదే ఆఖరుసారని తెలిస్తే ఫోన్ పెట్టేయమని అడిగి ఉండేవాణ్ణి.

పోయిన వసంతంలో నా భార్య మోకాలికి ఆపరేషన్ జరిగింది. సాయంగా ఉండడానికి మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారానికి నా భార్యకు మా ఇద్దరినీ చూస్తే ఊపిరాడలేదు. ఒకరు మంచం ఈ పక్కన, ఒకరు ఆ పక్కన కూర్చుని నీళ్ళు కావాలా, దిండు కావాలా అని అడగడం. ఒక ఉదయం వ్యాయామం చేయించే నర్సు వచ్చేసరికి ఆమె గట్టిగానే చెప్పేసింది.

“ఏమండీ, మీరిద్దరూ సాయంత్రం దాకా ఇంటికి రాకండి. ఆవిడ ఉంటుంది నాకు. వెళ్ళి మీ పగిలిన కుండలు చూసుకోండి.”

చూపు పోయాక నేను ఆ గదికి వెళ్ళలేదు. ఆ మాట ఎవరూ అనలేదు. మా అమ్మాయి ఫోన్‌లో రైలు టైము చూసి, నా కోటు తెచ్చి ఇచ్చింది.

గది మారలేదు. బెంచీ ఉన్నచోటే ఉంది. నేను పాత అలవాటుకొద్దీ మొదటి గాజు పెట్టె ముందు ఆగాను. గాజు మెరుపు, నల్లటి ఒక పెద్ద మరక, చుట్టూ కాస్త ఎరుపు. అంతే. మా అమ్మాయి పక్కన నిలబడి అట్టముక్క మీద రాసింది ఇంగ్లిష్‌లో చదవడం మొదలుపెట్టింది. ఏ ఊరిది, ఎన్నేళ్ళ నాటిది, ఏ రకం పాత్ర. అదంతా నాకు తెలుసని, బొమ్మ ఎలా ఉందో చెప్పమని అడిగాను. ఇంగ్లిష్‌లోనే చెప్పింది: ఇద్దరు సైనికులు, హెల్మెట్లు, డాళ్ళు, ఏదో ఆట ఆడుతున్నారు. చకచకా చెప్పింది. నాకు ఏమీ కనబడలేదు. ఆ మాటలు కూడా అట్టముక్క మీది మాటల్లాగే ఉన్నాయి.

ఎందుకు అడిగానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

“తెలుగులో చెప్పమ్మా.”

“నాకు మాటలు రావు నాన్నా.”

“వచ్చిన మాటలతోనే చెప్పు.”

వద్దంటుందేమో అనుకున్నాను. గాజుకు దగ్గరగా వంగినట్టుంది, ఆమె గొంతు కొంచెం కింది నుంచి వచ్చింది.

“ఇద్దరు ఉన్నారు. ఒకడు ఈ పక్క, ఒకడు ఆ పక్క. మధ్యలో బాక్స్. చిన్న బల్ల... బల్ల కరెక్టేనా? ఒకడి తల మీద గిన్నె లాంటిది ఉంది. బోర్లా పెట్టిన గిన్నె. దాని మీద గుర్రం జుట్టు నిలబడి ఉంది. ఇంకొకడు గిన్నె తీసేసి వెనకాల పెట్టుకుంది.”

“ఆడా, మగా?”

“మగ. గడ్డం ఉంది.”

“అయితే పెట్టుకున్నాడు.”

“పెట్టుకున్నాడు. బల్లేలు మాత్రం వదల్లేదు. భుజానికి ఆనించుకుని ఆడుతున్నారు. వేళ్ళు ఇలా... పాచికలు అంటారా? ఒకడి మడమ పైకి లేచాడు. నేల మీద లేదు. ఆట మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచి పరిగెత్తేట్టు.”

మడమను మగవాణ్ణి చేసినందుకు నేను దిద్దలేదు. శిరస్త్రాణం అనే మాట ఆమెకు రాదు కాబట్టి గిన్నె అంది, గిన్నె అనడంతో నాకు ఆ కంచు కనబడింది. వందసార్లు చూసిన బొమ్మ అది. ఆ ఇద్దరూ అకిలీస్, అజాక్స్ అని, ట్రాయ్ యుద్ధం మధ్యలో తీరిక దొరికితే ఆడుకుంటున్నారని నాకు తెలుసు. కానీ లేచిన మడమను నేను ఎప్పుడూ గమనించలేదు.

ఒక్కొక్క కుండ దగ్గరకూ వెళ్ళాం. మాట దొరక్కపోతే ఆమె చుట్టూ తిరిగి వచ్చేది. అమ్ముల పొదిని ‘బాణాలు పెట్టుకునే సంచి’ అంది. రథాన్ని ‘గుర్రాల బండి’ అంది. బానలో దాక్కున్న రాజు దగ్గర తనంతట తనే నవ్వింది. కొన్నిటికి నేను మాట అందించాను, ఆమె రెండు మూడుసార్లు పైకే అనుకుంది. మా వెనక ఒక పెద్దావిడ చాలాసేపు నిలబడి, మీరు మాట్లాడుతున్నది గ్రీకు భాషా అని ఎంతో మర్యాదగా అడిగింది. కాదని, తెలుగని మా అమ్మాయి చెప్పింది.

ఆఖరి పెట్టెలో ఉన్నది యుద్ధానికి బయల్దేరుతున్న వీరుడి కుండ. అతని పేరు దాని మీద రాసి లేదు. ఇలాంటివి, దేవుళ్ళకు ద్రాక్షసారా ధారపోసి ఇంటివాళ్ళు సాగనంపే బొమ్మలు, గ్రీకులు చాలా గీశారు. అక్కడ ఆమె చాలాసేపు ఆగింది.

“మధ్యలో అబ్బాయి ఉన్నాడు. గడ్డం లేదు. వెళ్ళిపోతున్నాడు అనుకుంటా. చేతిలో ఒక పళ్ళెం లాంటి గిన్నె. ఎదురుగా ఒక ఆవిడ జగ్‌తో దాంట్లో పోస్తోంది. అమ్మో, భార్యో తెలీదు.”

“ఆవిడ అతన్ని చూస్తోందా?”

“లేదు. గిన్నెలోకి చూస్తోంది. పోసేటప్పుడు ఒలక్కూడదు కదా.”

తర్వాత గొంతు తగ్గించి, వెనకాల ఒక ముసలాయన ఉన్నాడని చెప్పింది. కర్ర మీద ఆనుకుని ఉన్నాడట. ఇంకో చెయ్యి ఎక్కడుందో చెప్పడానికి ఆమెకు మాట రాలేదు. నుదురు అంది, కాదంది, చెంప అంది, అదీ కాదంది. ఆఖరికి నా చెయ్యి పట్టుకుని పైకెత్తి, అరచేతిని నా తల వెనక్కి, చెవి పైన ఆనించి పెట్టింది. వేళ్ళు కొంచెం ముడిచింది.

“ఇలా,” అంది.

నేను కాసేపు చెయ్యి అలాగే ఉంచుకున్నాను. ఆ ముసలాయన చెయ్యి అలా ఉందని నాకు తెలుసు. అది వాళ్ళ దుఃఖానికి గుర్తని పుస్తకాల్లో చదివాను కూడా. నా చేతితో ఎప్పుడూ అలా పెట్టి చూసుకోలేదు.

తిరుగు రైలులో ఎదురెదురుగా కూర్చున్నాం. కిటికీలోంచి వచ్చే ఎండ ఆమె చేతుల మీద పడుతూ పోతూ ఉంది. ఆమె ముఖం ఉండవలసిన చోట నా మచ్చ ఉంది. నేను అడగాలా వద్దా అని రెండు స్టేషన్ల దాకా ఆలోచించాను.

“ఇప్పుడు నువ్వెలా ఉన్నావో చెప్పు.”

ఆమెకు వెంటనే అర్థమైంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఫోన్ తీసి అద్దంలా పట్టుకుంది కాబోలు, చిన్న చప్పుడయింది.

“జుట్టు షార్ట్‌గా ఉంది. ఇక్కడ తెల్లగా ఉంది, డై మానేశాను. నుదుటి మీద రెండు గీతలు. అవి అమ్మవి కాదు, నీవి. నువ్వు ఎక్స్‌రే చూసేటప్పుడు వచ్చేవి. కళ్ళు... టైర్డ్‌గా. దాన్ని ఏమంటారు?”

“అలసట.”

“అలసటగా ఉన్నాయి. కానీ బానే ఉన్నాయి. ముక్కు అంతే, పాతదే. గడ్డం మీద చిన్న మచ్చ ఉంది. నూనె చిందింది.”

“ఎప్పుడు?”

“రెండేళ్ళయింది నాన్నా.”

ఆ రెండేళ్ళలో ఆమె మా ఇంటికి మూడుసార్లు వచ్చింది. అదే మచ్చతో నా ఎదురుగా కూర్చుని భోంచేసింది. ఆమె నా చూపుడువేలు పట్టుకుని ఆ మచ్చ మీద పెట్టింది. బియ్యపు గింజంత ఉంది, చుట్టూ ఉన్న చర్మం కంటే నునుపుగా.

మోకాలు బాగుపడి నా భార్య మెట్లెక్కడం మొదలుపెట్టాక మా అమ్మాయి ఆష్‌బర్న్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక ఆదివారం ఫోన్ వచ్చింది. వాతావరణం అడగలేదు. వాషింగ్టన్ వైపు ఒక మ్యూజియంలో ఉన్నానని, ఇక్కడ కూడా కుండలున్నాయని చెప్పింది. గొంతు తగ్గించి, ఎవరికీ ఇబ్బంది కాకుండా, వాటిలో ఒకదాన్ని చెప్పడం మొదలుపెట్టింది.

నేను ఎన్నడూ చూడని కుండ అది. షికాగోలో ఆమె చెప్పినవాటికి నా జ్ఞాపకం అడుగున ఉండేది, మాట తప్పినా అది పట్టుకునేది. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆమె చెప్పిందే ఉంది. మొదట్లో నాకది భయమేసింది. కళ్ళు మూసుకుని విన్నాను. వినడం అయ్యాక మళ్ళీ చెప్పమన్నాను.

అది అలవాటయింది. అన్ని ఆదివారాలూ కాదు, కుదిరినప్పుడు. ఆమె తెలుగు ఇప్పుడు చాలా నయం. మగవాడు కూర్చుంటున్నాడు, ఆడమనిషి కూర్చుంటోంది, ఎవరి క్రియ వాళ్ళకు చేరుతోంది. పాత తప్పులు పోతుంటే నాకు కొంచెం బెంగగానే ఉంది. నా భార్య వంటింట్లోంచి వింటూ ఉంటుంది. స్పీకర్ పెట్టమని తనే అంటుంది. ఈ వారం ఎవరొచ్చారు అని అడుగుతుంది, చుట్టాల గురించి అడిగినట్టు.

వేసవిలో ఒకసారి ఆమె చెప్పిన బొమ్మ ఇది.

“ఒకడు ఇంకొకణ్ణి భుజాన మోస్తున్నాడు. మోసేవాడు బాగా వంగిపోయాడు, ఒక చెయ్యి నేలకి ఆనేట్టు ఉంది. పైన ఉన్నవాడు చచ్చిపోయాడు. జుట్టు కిందకి వేలాడుతోంది. చేతులు కూడా.”

మోస్తున్నది అజాక్స్ అని, పైనున్న శవం అకిలీస్‌దని, యుద్ధంలో చనిపోయిన స్నేహితుణ్ణి శత్రువుల మధ్యనుంచి తీసుకొస్తున్నాడని చెప్పాను.

“ఆ ఆట ఆడినవాళ్ళు వీళ్ళేనా నాన్నా?”

“వాళ్ళే.”

“చూస్తే ఒకేలా లేరు,” అంది. తర్వాత, “మోసేవాడి ముఖం ఎవరూ సరిగ్గా గియ్యలేదు. పైవాడి జుట్టు అడ్డం పెట్టేశారు,” అంది.

ఆ రోజు ఇంకో కుండ చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక నా భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. మోకాలు నిమురుకుంటూ, పాపం అంది. ఎవర్ని గురించి అందో నేను అడగలేదు.

ఆ కుండ ముందు నిలబడాలని నాకు చాలా ఉంది. నిలబడినా నల్లటి మరక తప్ప ఏమీ కనబడదని తెలుసు. మా అమ్మాయి పక్కన నిలబడి గాజులోకి వంగితే, ఆమె ముఖాన్ని కూడా వంకరగానో, అంచునుంచో, ఏదో ఒకలా పట్టుకోవచ్చునేమో అనిపిస్తుంది. పట్టుకోలేననీ తెలుసు. తెలియడం వల్ల కోరిక తగ్గలేదు. ఆ మాట నా భార్యకు చెబితే, ఏం కనబడుతుందని వెళ్తారు అంటుందనుకున్నాను. తను, విమానంలో నడవ పక్క సీటు అయితే కాలు చాపుకోవడానికి బాగుంటుందని మాత్రం అంది. అక్టోబరుకి మా అమ్మాయి టికెట్లు బుక్ చేసింది.

పోయిన ఆదివారం ఫోన్ చేసినప్పుడు, మ్యూజియంలో వెనక గదిలో ఒక కుండ దొరికిందని చెప్పింది. ఇన్నాళ్ళూ దాన్ని దాటి వెళ్ళిపోయానంది. దాని మీద ఎవరున్నారని అడిగాను. చేతిలో గద ఉందా, సింహం తోలుందా, ఒక్కడా, ఇద్దరా అని ఒకటొకటే అడిగాను. ఎంత అడిగినా చెప్పలేదు.

“అది నువ్వొచ్చాకే, నాన్నా.”

రోజూ పొద్దున కాఫీ తాగుతూ ఎవరై ఉంటారా అని ఆలోచిస్తున్నాను. నాకు తెలిసిన వీరులందరినీ ఒక్కొక్కరినే తీసుకొచ్చి ఆ కుండ మీద నిలబెట్టి చూస్తున్నాను.